గుత్తి కొండ ఎక్కాలంటే నీళ్ళ లెక్క ముందు



ఈ నెల గోడ పత్రికలో సోషల్ పాఠం రాసే వంతు నాది. పోయిన నెల పదో తరగతి అక్కలు హంపి గురించి రాసినారు. రథం బొమ్మ ఎంత బాగా వేసినారంటే అన్నం గంట కొట్టినా చూసేవాళ్ళు కదల్లేదు. నాకు బొమ్మలు రావు. లెక్కలు వస్తాయి. అందుకని నేను గుత్తి కొండ గురించి లెక్కలతో రాస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి, స్కెచ్ పెన్ను అయిపోతా ఉంది.

ఈ ఏడు మనకు విజ్ఞాన యాత్ర లేదని అందరికీ తెలుసు. ఎందుకు లేదో కూడా తెలుసు. పోయిన మార్చిలో దగ్గర గుట్టకు పోయినప్పుడు మా తరగతి అమ్మాయి ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయినారు. సాయంత్రానికి బాగైంది కానీ మేడం రాత్రంతా నిద్ర పోలేదు. ఎండదెబ్బ అన్నారు. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలుసు. అది కూడా ఈ పాఠంలోనే రాస్తాను, కానీ దాని చోటు వచ్చినప్పుడు రాస్తాను.

ముందు కొండ గురించి.

గుత్తి మన అనంతపురం జిల్లాలోనే ఉంది. అనంతపురం నుంచి కర్నూలు పోయే రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు. మన హాస్టల్ నుంచి బస్సులో గంటన్నర. బస్సు ఊరు చేరకముందే కొండ కనిపిస్తుంది. చుట్టూ చదును నేల, చెనక్కాయ చేలు, మధ్యలో పెద్ద పెద్ద రాతి కొండలు ఒకదాని పక్క ఒకటి నిలబడి ఉంటాయి. వాటి మీద కోట గోడ పాము పాకినట్లు పోతుంది. పై నుంచి చూస్తే శంఖం ఆకారంలో ఉంటుందనీ, 15 పెద్ద ద్వారాలు ఉన్నాయనీ చెపుతారు. కోట ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కాబట్టి గోడల మీద పేర్లు గీకడం తప్పు. (పోయినసారి గుట్ట మీద రాయికి పేరు రాసినవాళ్ళు ఎవరో నాకు తెలుసు. ఇక్కడ రాయను.)

విజయనగర రాజుల కాలంలో ఇది గొప్ప కోట. తర్వాత చానా మంది చేతులు మారింది. 18వ శతాబ్దంలో మురారి రావు ఘోర్పడే అనే మరాఠా నాయకుడు ఇక్కడ ఉన్నాడు. కొండ అంచున సున్నంతో నున్నగా కట్టిన చిన్న మంటపం ఉంది. దాన్ని మురారి రావు గద్దె అంటారు. అక్కడ కూర్చొని ఆయన చదరంగం ఆడేవాడంట.

ఆ మురారి రావు మీదికి మైసూరు హైదర్ అలీ దండెత్తి వచ్చినాడు. కోట గోడలు ఎంత గట్టివంటే ఫిరంగులతో సులువుగా పడేవి కావు. అయినా 1776లో కోట హైదర్ చేతికి పోయింది. ఎట్లా పోయింది? ఇది మన పాఠానికి చానా ముఖ్యం. కింద పట్టణం శత్రువు చేతికి పోయినాక జనం, గుర్రాలు, పశువులు అన్నీ పైకి ఎక్కినాయి. తాగే నోళ్ళు ఎక్కువైనాయి. వాన లేదు. పై కోటలో బావులు, నీళ్ళ గుంటలు అడుగంటినాయి. ఫిరంగికి లొంగని కోట దప్పికకు లొంగింది. మురారి రావును పట్టుకుపోయి ఖైదులో పెట్టినారు, అక్కడే చనిపోయినాడు.

సోషల్ సార్ ఈ కథ చెప్పినప్పుడు నాకు యుద్ధం కంటే లెక్క గుర్తొచ్చింది. బావిలో ఇన్ని నీళ్ళు ఉంటే ఇంత మందికి ఎన్ని రోజులు? ఈ లెక్క అంత పెద్ద రాజు వేసుకోలేదా, లేక వేసుకున్నా మనుషులను కింద వదిలేయలేక అందరినీ పైకి రానిచ్చినాడా? పుస్తకంలో అది లేదు. నేనైతే రెండోదే అనుకుంటాను.

ఇంకొక సంగతి. 1800లో నైజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చినాడు. దత్త మండలాలు అనే పేరు అప్పుడు వచ్చింది. మొదటి పెద్ద కలెక్టరు థామస్ మన్రో. తర్వాత ఆయన మద్రాసు గవర్నరు అయినాడు. 1827 జూలైలో ఈ పక్కకు పర్యటనకు వచ్చి, పత్తికొండలో కలరా తగిలి చనిపోయినాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చినారు. 1831లో మద్రాసు కోటలోని చర్చికి మార్చినారు. కలరా దేనితో వస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. చెడు గాలి అనుకునేవాళ్ళు. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు ఒక చేతిపంపు నీళ్ళు తాగిన ఇండ్లలోనే ఎక్కువ మంది చనిపోతున్నారని పటం గీసి చూపించినాడు. అంటే ఈ ఒక్క కొండ దగ్గరే రెండు పాఠాలు ఉన్నాయి. నీళ్ళు లేక కోట పోయింది. చెడు నీళ్ళతో గవర్నరు పోయినాడు.

మన వాళ్ళ సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే పుస్తకంలో రెండు వరుసలే ఉంది. మన హాస్టల్లో సుగాలీ పిల్లలం, ఎరుకల పిల్లలు, యానాది పిల్లలు ఉన్నాము. కోటల పేరు చెప్పగానే అవి రాజులవి, మనకేం సంబంధం అనుకుంటాము. కానీ కోటలో ఉన్నవాళ్ళు ఏం తిన్నారు? వాళ్ళ ఉప్పు యాడ నుంచి వచ్చింది? రైళ్ళు లేని రోజుల్లో మా సుగాలీలు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసేవాళ్ళు. మొగలుల దండుకు మోసినారు, మైసూరు యుద్ధాల్లో 1791, 1792లో ఇంగ్లీషు వాళ్ళ దండుకు కూడా మోసినారు. లంబాడీ అనే పేరు లవణం నుంచే వచ్చిందని కొందరు చెపుతారు. ఎరుకల వాళ్ళు కూడా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం పెట్టుకొని ఊరూరా తిరిగేవాళ్ళు. 1871లో మద్రాసు నుంచి బొంబాయికి రైలు దారి కలిసింది. అది గుత్తి మీదుగానే పోతుంది. బండ్లు, రైళ్ళు వచ్చినాక ఎద్దుల పని పోయింది. కొండ పైన నిలబడితే ఆ రైలు పట్టాలు దారం పరిచినట్లు కనిపిస్తాయి. నేను చూసినాను. గూడ్సు బండి పోతా ఉంటే పెట్టెలు లెక్కపెట్టినాను, 40 దాటినాక తప్పిపోయినాను.

చూసినాను అన్నాను కదా, అది ఎట్లాగో చెప్పాల. దసరా సెలవుల్లో యాడి (అంటే మా అమ్మ) చెనక్కాయ పీకే కూలికి గుత్తి పక్క పల్లెకు వచ్చింది. నేను కూడా పోయినాను. కూలి లేని రోజు ఒకటి వచ్చింది. "కొండ ఎక్కుదాం రా యాడీ" అని అడిగినాను. "పనీ పాటా లేకుండా కొండ ఎవరన్నా ఎక్కుతారా" అని నవ్వింది. కానీ వచ్చింది. హాస్టల్‌కు పనికొస్తుందని చెప్పినందుకు వచ్చింది. యాడికి చదువు రాదు. నేను వాచీ చూసి గంటలు రాసుకుంటా ఉంటే ఆమె నీడ చూసి టైము చెప్పింది. పది నిమిషాల కన్నా ఎక్కువ తేడా రాలేదు.

ఎక్కే ముందు యాడి ఒక పని చేసింది. కొండ కింద కూర్చొని చెంబుడు నీళ్ళు మెల్లగా తాగింది, నాతో కూడా తాగించింది. "పాణి కడుపులో మోయాల, ముందు కడుపు నింపు, తర్వాత సీసా" అనింది. సైన్సు మేడంను అడిగితే అది సరైనదే అన్నారు. దప్పిక వేసేటప్పటికే ఒంట్లో నీళ్ళు కొంచెం తగ్గి ఉంటాయంట.

దారి ఎట్లా ఉందంటే, మొదట రాళ్ళు పరిచిన వెడల్పు బాట. ద్వారం తర్వాత ద్వారం వస్తుంది. ప్రతి ద్వారం దగ్గర నీడ ఉంటుంది, చల్ల గాలి కూడా. కూర్చోవడానికి అదే మంచి చోటు. తర్వాత కొన్ని చోట్ల రాళ్ళు ఊడి ఉన్నాయి. నున్నటి బండ మీద చెప్పులు జారుతాయి. ఒకచోట నేను చేతులు ఆనించి ఎక్కినాను. కష్టమైన కొండ కాదు, సులువైనది కూడా కాదు. మధ్యరకం. పైన పడిపోయిన కట్టడాలు చానా ఉన్నాయి. వ్యాయామశాల అనీ, మందుగుండు కొట్టు అనీ చెపుతారు. నీళ్ళ గుంటలు కూడా చూసినాము. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. మన్రో సంగతి గుర్తు పెట్టుకొని వాటిని తాగకూడదు. కాగబెట్టడానికి అక్కడ కట్టెలు ఏరుకోవడం కూడా వద్దు.

యాడీ నేను ఎక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది. దిగడానికి యాభై నిమిషాలు. దిగేటప్పుడు మోకాళ్ళు వణికినాయి. ఎక్కడమే కష్టం, దిగడం సులువు అనుకునేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోండి. పడేది ఎక్కువగా దిగేటప్పుడే.

ఇప్పుడు లెక్క.

కొండ చుట్టుపక్కల నేల కంటే సుమారు 300 మీటర్లు ఎత్తు. ఇది ఎంతో తెలియాలంటే మన హాస్టల్ మేడ మెట్లు చూడండి. కింది నుంచి పైకి 20 మెట్లు. స్కేలు పెట్టి కొలిచినాను, ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు. అంటే 3 మీటర్లు. గుత్తి కొండ అంటే మేడ మెట్లు 100 సార్లు ఎక్కినట్లు, 2,000 మెట్లు. భయపడొద్దు. బట్టలు ఆరేయడానికి, మర్చిపోయిన పుస్తకానికి, పిలిచిన ప్రతిసారీ పైకీ కిందికీ రోజుకు ఎన్ని సార్లు తిరుగుతామో లెక్కపెట్టుకోండి.

స్కాట్లండ్‌లో నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక సూత్రం చెప్పినాడు. చదునులో 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకొక గంట. మన కొండకు ఎత్తు కోసం అరగంట కలపాల, నడక వేరే. కానీ అది బాగా నడిచే పెద్దవాళ్ళ లెక్క, చలి దేశం లెక్క. మా తరగతి 38 మంది, టీచర్లు ముగ్గురు, వాచ్‌మన్ తాత ఒకరు, మొత్తం 42. ఇంత మంది ఒకే బాటలో పోతే వేగం అందరికంటే మెల్లగా నడిచే అమ్మాయి వేగమే. అందుకే నేను ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి గంటన్నర పెట్టినాను.

నీళ్ళు ఒక్కొక్కరికి 3 లీటర్లు. 42 × 3 = 126 లీటర్లు. ఎండలో ఎక్కేటప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమటగా పోతుంది. లీటరు నీళ్ళ బరువు ఒక కిలో. 3 కిలోలు మోసుకొని ఎక్కడం కష్టం. కాబట్టి ఒక లీటరులో సగం హాస్టల్లో, సగం కొండ కింద తాగాల. రెండు లీటర్ల బాటిళ్ళు మోయాల. దిగినాక తాగడానికి 20 లీటర్ల క్యాన్లు మూడు కొండ కింద తాత దగ్గర ఉంచాల. చెమటలో ఉప్పు కూడా పోతుంది. అందుకని పది మందికొక బాటిలు చొప్పున ఉప్పు చక్కెర నీళ్ళు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాను తల కొట్టి కొలవాల. ఉప్పు ఎక్కువైతే మంచిది కాదు.

బాటిళ్ళు, క్యాన్లు అన్నీ సరిపోయినాయి కదా, లెక్క అయిపోయింది అనుకోవచ్చు. కాలేదు. పోయిన మార్చిలో కూడా బాటిళ్ళు సరిపోయినాయి.

ఇప్పుడు ఆ మిగతా సగం రాస్తాను. ఇది గోడ మీద రాసే మాటేనా అని రెండు రోజులు ఆలోచించినాను. రాయకపోతే లెక్క తప్పు వస్తుంది.

ఆరోజు పడిపోయిన అమ్మాయి పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు. పడిపోయినప్పుడు ఆమె బాటిలు రాళ్ళ మీద దొర్లింది. మూత సీలు కూడా తీయలేదు, నిండుగా ఉంది. అందరమూ చూసినాము. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఎందుకు తాగలేదంటే, తాగితే మధ్యలో ఒంటికి పోవాల్సి వస్తుంది. గుట్ట మీద మరుగు లేదు. సార్లు ఉన్నారు, మేకల కాపర్లు ఉన్నారు. అంతే కాదు. బస్సులో ఆమె మూత తిప్పబోతే, "తాగొద్దులే, పైన యాడ పోతావు" అని చెప్పింది నేను. నేను కూడా తాగలేదు. నేను పడలేదు, ఆమె పడింది.

తర్వాత మా గదిలో అందరినీ అడిగినాను. ముగ్గురు తప్ప అందరూ ఆరోజు కావాలనే తాగలేదని చెప్పినారు. నెలసరి రోజు అయినందుకు కడుపు నొప్పి అని అబద్ధం చెప్పి రాకుండా ఉండిపోయిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆసుపత్రిలో డాక్టరు గారు నీళ్ళు తాగలేదా అని అడిగినప్పుడు ఆమె తాగినానని చెప్పిందంట. మేడం గారు మా కోసం బాటిళ్ళు కొన్నారు, గొడుగులు తెచ్చినారు. తప్పు వాళ్ళది కాదు. మేము చెప్పలేదు.

కాబట్టి నా ప్రణాళికలో మొదటి ఏర్పాటు మరుగు. మొత్తం నాలుగు చోట్ల. హాస్టల్లో బయలుదేరే ముందు. గుత్తి బస్టాండులో దిగగానే, తొందర పెట్టకుండా అరగంట (38 మందికి అరగంట కావాల, పది నిమిషాలు చాలవు). కొండ మీద సగం దారిలో ఒకసారి, పైన ఒకసారి. కొండ మీద ఎట్లా అంటే, రెండు పాత దుప్పట్లు, ఒక తాడు తీసుకుపోవాల. బాటకు దూరంగా పెద్ద బండ వెనక ఇద్దరు పట్టుకుంటే గది అయిపోతుంది. పాత కట్టడాల లోపల వద్దు, నీళ్ళ గుంటల దగ్గర అసలే వద్దు. చిన్న పార ఒకటి, సబ్బు ఒకటి. వాడిన గుడ్డలు, ప్యాడ్లు కాగితంలో చుట్టి కవర్లో వేసి కిందికి తేవాల. ముగ్గురు ముగ్గురు కలిసి పోవాల, ఒంటరిగా వద్దు. ఆ టైములో సార్లు ముందు ద్వారం దగ్గర కూర్చొని రైళ్ళు చూడాలని మనవి. ఇది జరిగితే అందరూ నీళ్ళు తాగుతారు. ప్రతి ద్వారం దగ్గర టీచరు గారు విజిల్ వేస్తే అందరూ ఒకేసారి నాలుగు గుక్కలు తాగాల. తాగినట్లు నటించేవాళ్ళు ఉంటారు. బాటిలు పైకెత్తి చూపించాల.

ఇంక నెల. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మనదే అంటారు. పడమటి కనుమల అవతలే మేఘాలు దించేసుకొని మన పక్కకు ఖాళీగా వస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా కొండ రాయి పెనం లెక్క కాలుతుంది. అక్టోబరులో వాన పడితే బండలు జారుతాయి. డిసెంబరు మంచిది. రెండో వారం అయితే అర్ధ సంవత్సర పరీక్షలకు కూడా అడ్డం రాదు. పైన రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది (కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని చదివినాము కదా), పైగా గాలి. ఆ గాలికి చెమట ఆరిపోతుంది, దప్పిక తెలియదు. చల్లగా ఉందని మోసపోవద్దు.

డిసెంబరులో సూర్యుడు ఆరున్నరకు వస్తాడు, సాయంత్రం ఆరు లోపలే పోతాడు. టైము చివరి నుంచి వెనక్కి వేసినాను. ఆరు గంటలకు హాజరు పట్టీ. అయిదుకు హాస్టల్ గేటు, గంట సేపు మిగిలి ఉండాల. కాబట్టి మూడున్నరకు బస్సు. దానికి ముందు రెండు గంటలు అన్నం, విశ్రాంతి, ఇంగ్లీషు వాళ్ళ సమాధుల తోట. అంటే ఒకటిన్నరకు కింద ఉండాల. పన్నెండుకు పైనుంచి దిగడం మొదలు. పదిన్నరకు పైకి చేరాల. ఎనిమిదిన్నరకు ఎక్కడం. ఎనిమిదికి గుత్తి. ఆరున్నరకు బస్సు. పైన గంటన్నరే ఉంటుంది. చాలదు అంటారు, నాకూ చాలదు. కానీ ఒక మాట ముందే ఒప్పుకోవాల. పదకొండు గంటలకు ఎక్కడ ఉంటే అక్కడ నిలిచిపోవాల. పై మంటపం ఇంకా పది నిమిషాలే అన్నా సరే. అక్కడే కూర్చొని, పన్నెండుకు తిరగాల.

తిండికి బొరుగులు, వేయించిన చెనక్కాయలు, బెల్లం. బరువు ఉండదు, పాడు కాదు. పైకి ఇవి చాలు. అన్నం కొండ కింద. పులిహోర అయితే బాగుంటుంది అని వంట అక్కకు మనవి. కోతులు ఉన్నాయి, కవరు చప్పుడు వింటే వస్తాయి. తేనెతుట్టె కనిపిస్తే అరవడం, రాళ్ళు వేయడం వద్దు. చెప్పులు వద్దు, బూట్లు. బూట్లు లేనివాళ్ళు నలుగురు ఉన్నారు, ఎనిమిదో తరగతి వాళ్ళను అడిగి సైజు చూసినాను, మూడు జతలు దొరికినాయి.

వరుసలో మెల్లగా నడిచేవాళ్ళు ముందు ఉండాల. పోయినసారి వాళ్ళు వెనక పడిపోయి, ముందువాళ్ళను అందుకోవాలని ఆయాసపడినారు. వాళ్ళు వచ్చేటప్పటికి ముందువాళ్ళ విశ్రాంతి అయిపోయేది, లేచి పోయేవాళ్ళు. కూర్చోవాల్సినవాళ్ళకు కూర్చోవడమే లేదు. మా దాదీ చెప్పింది, ఎద్దుల గుంపు నడిపేటప్పుడు కూడా అంతే, కుంటి ఎద్దును చూసుకొని గుంపు నడవాల. రక్తం తక్కువ ఉన్నవాళ్ళకు త్వరగా ఆయాసం వస్తుంది. వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర మింగండి. పరుపు కింద దాచినవి నాకు కనిపించినాయి, మేడంకు చెప్పలేదు, ఇప్పటి నుంచి మింగితే డిసెంబరుకు కొంచెమైనా పనికొస్తుంది.

ఎవరికన్నా తల తిరిగితే, తలనొప్పి వస్తే, వాంతి వచ్చేట్లు ఉంటే వెంటనే చెప్పాల. నీడలో పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తు పెట్టాల, బట్టలు వదులు చేసి, తడి గుడ్డతో మెడ, ముఖం తుడవాల. చుట్టూ గుంపు కట్టొద్దు. తెలివి లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పోయినసారి మనం పోసినాము. తెలివి ఉంటే ఉప్పు చక్కెర నీళ్ళు కొంచెం కొంచెం. టీచరు గారి ఫోను నుంచి 108కి చెప్పాల. గుత్తిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

మాలావత్ పూర్ణ గురించి మీకు తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, మా సుగాలీల భాషే, గురుకులంలోనే చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. నాకంటే చిన్నది. ఆమె మొదట నేర్చుకున్నది భువనగిరి బండ మీద, అది కూడా మన గుత్తి మాదిరి రాతి కొండ, పైన కోట ఉంది. మనం ఎవరెస్టు అడగడం లేదు.

మేడం గారికి మనవి. మా తరగతి వాళ్ళం రేపటి నుంచి సాయంత్రం స్టడీ అవర్ ముందు రెండు లీటర్ల బాటిళ్ళు సంచిలో వేసుకొని మేడ మెట్లు పది సార్లు ఎక్కుతాము. నవంబరు చివరికి ముప్పై సార్లు చేస్తాము. ఎవరు ఎక్కలేకపోతే వాళ్ళు ముందు వరుస. మీరు ఒకరోజు కుర్చీ వేసుకొని చూడండి. చూసినాక అనుమతి గురించి చెప్పండి. వద్దంటే వద్దు, కానీ దుప్పట్లు, తాడు సంగతి ఏ యాత్రకైనా పెట్టండి.

పడిపోయిన అమ్మాయి ఈ పాఠం గోడకు అంటించకముందే చదివింది. తన పేరు రాయొద్దని చెప్పింది, రాయలేదు. ఒక తప్పు దిద్దింది. ఆరోజు పన్నెండుకు కాదంట పడింది, పన్నెండున్నరకు. వరుసలో మొదటి పేరు తనదే రాసుకుంది.

వచ్చేవాళ్ళు కింద పేరు, బూటు సైజు, ఎన్ని బాటిళ్ళు ఉన్నాయో రాయండి. ఇప్పటికి 31 బాటిళ్ళు ఉన్నాయి. ఇంకా 53 కావాల.